రాత్రి ఎన్ని గంటలు పడుకుంటారు?

పుంగనూరులో ఉండే ఒక తల్లి తన డాక్టరు కూతుర్ని నిద్రమాత్రలు రాసిమ్మని అడిగింది. ఆమెకు అరవై దాటాయి. రాత్రి పదికి పడుకుంటే మూడున్నరకు మెలకువ వచ్చేస్తుంది. చిన్నప్పటి నుంచీ అంతే. అదొక లోపమని ఆమెకు ఎన్నడూ తోచలేదు. ఆరు గంటలకన్నా తక్కువ నిద్రపోయేవాళ్లకు గుండెజబ్బు, సుగరు, మతిమరుపు వస్తాయని ఫోన్లో వరసగా చూశాక తోచింది. ఇప్పుడు మూడున్నరకు లేచి, ఇంకా ఎంత నిద్ర బాకీ పడిందో లెక్కపెట్టుకుంటూ భయపడుతోంది.

కూతురు కుప్పంలో పనిచేస్తుంది, కమ్యూనిటీ మెడిసిన్ చదివింది. తల్లి తమ్ముడు మదనపల్లెలో స్టాటిస్టిక్స్ లెక్చరరుగా చేసి రిటైరయ్యాడు. మాత్రలు వద్దన్న దగ్గర ఇద్దరిదీ ఒకటే మాట. ఆ వార్తల వెనకున్న పరిశోధనలను నమ్మాలా వద్దా అన్న దగ్గర మాత్రం ఒక పూటంతా వాదించుకున్నారు. పక్కన కూర్చుని విన్నది రాస్తున్నాను. ఎవరి మాట బరువుగా తోచిందో అక్కడక్కడా నా మాటగా చెబుతాను.

మామ: మీ అమ్మ మూడున్నరకు లేవడం నాకు ఊహ తెలిసినప్పటి నుంచి చూస్తా ఉన్నా పాపా. ఆవులకు కుడితి పెట్టి, పేడ తీసి, వాకిలి చల్లి, అప్పుడు బడికి పోయేది. ఇన్నేళ్లు మంచం పట్టని మనిషిని ఈ వార్తలు పట్టుకున్నాయి. ఆ వార్త వెనకున్న స్టడీ తీసి చూస్తే ఏముంటుంది? ఒక కాగితం మీద ‘రాత్రి ఎన్ని గంటలు పడుకుంటారు?’ అని ఒక ప్రశ్న. జవాబు చెప్పిన మనిషి కొన్నేళ్ల తర్వాత బతికి ఉన్నాడా లేదా అని ఇంకో గడి. ఈ రెంటికీ మధ్య గీత గీసి, దీనివల్లే అది వచ్చిందంటారు.

కోడలు: అంత తేలిగ్గా తీసెయ్యొద్దు మామా. ఆ గీత గీసేముందు వయసు, సిగరెట్లు, బరువు, బీపీ, ముందే ఉన్న జబ్బులు అన్నీ లెక్కలోకి తీసుకుంటారు. అమెరికాలో 11 లక్షల మందిని 1982లో అడిగి ఆరేళ్లు వెంబడించారు. డేనియల్ క్రిప్కీ బృందం 2002లో ఆ లెక్కలు అచ్చువేసింది. అంతమందిలో కనబడింది ఊరికే కనబడుతుందా?

మామ: ఏం కనబడిందో చెప్పు.

కోడలు: ఏడు గంటలు నిద్రపోతామన్నవాళ్లలో చావులు అందరికన్నా తక్కువ. ఆరు, అంతకన్నా తక్కువ అన్నవాళ్లలో ఎక్కువ.

మామ: ఎనిమిది గంటలన్నవాళ్లలో?

కోడలు: వాళ్లలో కూడా ఎక్కువే.

మామ: చూశావా? ఎనిమిది గంటలు పడుకోండని ప్రతి పత్రికలో రాస్తా ఉన్నారు. ఇంత పెద్ద లెక్కలో ఎనిమిది గంటలవాళ్లు ఏడు గంటలవాళ్లకన్నా ముందు పోయారు. అప్పుడేమంటారో విను. ఎక్కువసేపు పడుకునేవాడికి అప్పటికే ఏదో జబ్బు ఉంటుంది, నీరసంతో మంచం దిగడు, అందుకని చావులు ఎక్కువ అంటారు. సరే, ఒప్పుకుంటా. మరి తక్కువ పడుకునేవాడి దగ్గరకొచ్చేసరికి, జబ్బు ముందు వచ్చి నిద్ర తర్వాత చెడిందేమో అనే ఆలోచన ఎక్కడికి పోయింది? ఒకే గీతకు ఈ కొసన ఒక న్యాయం, ఆ కొసన ఇంకో న్యాయమా? ఇక 11 లక్షలంటావా, మంది పెరిగితే యాదృచ్ఛికంగా వచ్చే పొరపాటు తగ్గుతుంది. కాటాలోనే దోషముంటే పది బస్తాలు తూచినా పదివేల బస్తాలు తూచినా బస్తాకు అంతే తేడా వస్తుంది.

రెండు కొసల సంగతి నాకు గట్టి దెబ్బగానే తోచింది. ఆమె కూడా వెంటనే జవాబు చెప్పలేదు. చెప్పినప్పుడు ముందుగా ఆయన వాదానికే బలమిచ్చింది. దాచిపెట్టి గెలవాలని చూడకపోవడం నాకు నచ్చింది.

కోడలు: జబ్బు ముందు, నిద్ర తర్వాత అన్నది నా ఓపీలో రోజూ చూస్తా ఉన్నా. సుగరు అదుపులో లేనివాడు రాత్రి నాలుగైదుసార్లు మూత్రానికి లేస్తాడు. గుండె బలహీనమైనవాడు వెల్లకిలా పడుకుంటే ఆయాసం వచ్చి లేచి కూర్చుంటాడు. మనసు కుంగిన మనిషికి తెల్లవారుజామునే మెలకువ. టీబీ ఉన్నవాడికి రాత్రంతా దగ్గు, చెమటలు. వీళ్లందరినీ తక్కువ నిద్ర గడిలో వేస్తే, నిద్ర తక్కువై జబ్బు వచ్చినట్టే కనబడుతుంది. ఒప్పుకుంటా. అందుకే చాలాకాలం వెంబడించిన స్టడీలు కావాలి. లండన్లో వైట్‌హాల్ ప్రభుత్వోద్యోగులు దాదాపు 8 వేల మంది. యాభై ఏళ్ల వయసు నుంచి పాతికేళ్లు చూశారు. 2021లో అచ్చయింది. యాభై, అరవై, డెబ్బై, మూడు వయసుల్లోనూ ఆరు గంటలకు మించి పడుకోనివాళ్లలో డిమెన్షియా 30 శాతం ఎక్కువ. పాతికేళ్ల ముందే జబ్బు దాక్కుని ఉందంటావా?

మామ: డిమెన్షియా బయటపడడానికి ఇరవై ఏళ్ల ముందే మెదడులో మార్పులు మొదలవుతాయని మీ డాక్టర్లే చెప్తా ఉన్నారు కదా. అందుకని ఆ జబ్బు విషయంలో పాతికేళ్లు కూడా చాలుతాయని నేను అనుకోను. ఇంకొకటి. 30 శాతం ఎక్కువంటే, నూటికి పదిమందికి రావలసింది పదమూడు మందికి వచ్చినట్టు. మీ అమ్మకు అది ఎట్లా చేరింది? తనకు రావడానికి నూటికి ముప్పై వంతులు ఖాయమని అనుకుంటా ఉంది. ఆ వార్త రాసినవాడు పది, పదమూడు అని రాసుంటే ఆమె నిద్రమాత్ర అడిగేదా?

కోడలు: వార్త తప్పును స్టడీ నెత్తిన వెయ్యొద్దు మామా.

మామ: అట్లాగే, వార్తను పక్కనపెడతాం. స్టడీలనే పట్టుకుందాం. పగటి కునుకు సంగతి చెప్పు.

కోడలు: నువ్వు ఆడికి వస్తావని తెలుసు.

మామ: గ్రీసులో 23 వేల మందికి పైగా మనుషుల్ని చూశారు. మధ్యాహ్నం క్రమం తప్పకుండా కునుకు తీసేవాళ్లలో గుండెజబ్బు చావులు 37 శాతం తక్కువన్నారు, 2007లో. తర్వాత 2018లో ప్యూర్ అని పెద్ద స్టడీ వచ్చింది. 21 దేశాలు, లక్షా 16 వేల మంది, మన దేశం కూడా అందులో ఉంది, బెంగళూరు సెయింట్ జాన్స్ వాళ్లు కలిశారు. అందులో పగటి నిద్ర చెరుపన్నారు. ఒకే కునుకు ఏథెన్సులో మందు, బెంగళూరులో విషమా?

కోడలు: ప్యూర్ అట్లా చెప్పలేదు. రాత్రి ఆరు గంటలకు మించి పడుకుని, మళ్లీ పగలు కూడా పడుకునేవాళ్లలో ముప్పు ఎక్కువంది. రాత్రి ఆరు గంటలు, అంతకన్నా తక్కువ పడుకున్నవాళ్లు పగలు కునుకు తీస్తే చెరుపు కనబడలేదని కూడా చెప్పింది. ఆ రెండో సగం ఎవరూ రాయలేదు. గ్రీసులో మేలు ఎక్కువగా కనబడింది పనికి పోయే మగవాళ్లలో. పనికి పోయేవాడంటే అప్పటికే ఆరోగ్యంగా ఉన్నవాడు. ఎవరు కునుకు తీస్తా ఉన్నారన్నది చూడాలి.

మామ: నేను చెప్పేది కూడా సరిగ్గా అదే పాపా! మదనపల్లె మార్కెట్ యార్డుకు రాత్రంతా టమోటా బండ్లు వస్తాయి. హమాలీ చీకట్లో క్రేట్లు దించడం మొదలుపెడితే వేలం అయ్యి లారీలు నిండేదాకా నడుం వాల్చడు. మధ్యాహ్నం చెట్టు కింద పడుకుంటాడు. నా వీధిలో నాలాంటి రిటైరైనవాడు, సుగరూ బరువూ ఉన్నవాడు, అన్నం తిని ఫ్యాను కింద పడుకుంటాడు. ఫారంలో ఇద్దరికీ ఒకటే టిక్కు. ‘పగలు నిద్రపోతారా? అవును.’ ఆ రెండు నిద్రలకు పేరు తప్ప ఏం పోలిక ఉంది? లెక్కలో సవరిస్తామంటారు. అడగనిదాన్ని ఎట్లా సవరిస్తారు? వాడు రాత్రి ఎందుకు మేలుకున్నాడో ఎవరూ అడగలేదే.

కోడలు: అది నిజమైన లోపం.

మామ: ఇంకో లోపం, అడిగినదానికి వచ్చే జవాబు. షికాగోలో చేతికి యంత్రం కట్టి కొలిచారు, డయాన్ లాడర్‌డేల్ వాళ్లు. 2008లో అచ్చయింది. మనుషులు సగటున ఏడు గంటలకు దగ్గరగా నిద్రపోతామన్నారు. యంత్రం ఆరు గంటలంది. అందరూ ఒకే మోతాదులో ఎక్కువ చెప్పుంటే సర్దుకోవచ్చు. ఒక్కొక్కరు ఒక్కో రకంగా తప్పు చెప్పారు. ఆరు, ఏడు, ఎనిమిది అని గీతలు గీసింది అటువంటి జవాబుల మీద.

ఇక్కడితో ఆయన గెలిచినట్టే కనబడింది. కానీ ఆయనకు అసలు ఆయుధం వేరే ఉంది. అది మదనపల్లె ఊరి పక్కనే ఉంది.

మామ: ఆరోగ్యవరం శానిటోరియం సంగతి నీకు చెప్పాల్సిన పని లేదు. మన దక్షిణాది నలుమూలల నుంచి క్షయరోగులు అక్కడికి వచ్చేవాళ్లు. డెన్మార్కు నుంచి వచ్చిన ఫ్రిమట్ మోలర్ పెద్దాయన దాన్ని నిలబెట్టాడు. ఎత్తైన నేల, పొడిగాలి, వరండాల్లో మంచాలు. వైద్యం ఏమిటంటే విశ్రాంతి. నెలల తరబడి మంచం మీద పడుకోవడం, మంచి తిండి, గాలి. ఆ కాలంలో ప్రపంచమంతా అదే పద్ధతి. పడుకున్నవాళ్లలో బాగుపడినవాళ్లు కనబడతా ఉన్నారు, అందుకని పడుకోబట్టే బాగుపడ్డారనుకున్నారు. గొప్ప డాక్టర్లు, నిజాయితీపరులు. అయినా ఎవరూ రెండు గుంపులు చేసి చూడలేదు.

కోడలు: తర్వాత చూశారు, 1948లో అచ్చయింది.

మామ: బ్రిటన్లో స్ట్రెప్టోమైసిన్ ట్రయలు. 107 మంది రోగులు. 55 మందికి మందూ విశ్రాంతీ. 52 మందికి విశ్రాంతి మాత్రమే. ఆరు నెలలకు మందు తీసుకున్నవాళ్లలో నలుగురు పోయారు, ఊరికే పడుకున్నవాళ్లలో 14 మంది. ఇక మన మద్రాసులో జరిగింది అంతకన్నా పెద్ద సంగతి. 1956లో టీబీ కీమోథెరపీ సెంటర్ పెట్టారు, వాలెస్ ఫాక్స్ అనే ఇంగ్లీషాయన దాన్ని నడిపాడు. రోగుల్ని చీటీ పద్ధతిలో రెండుగా విడగొట్టారు. సగం మంది శానిటోరియంలో మంచం మీద. సగం మంది మద్రాసు ఇరుకిళ్లలో, వాళ్ల చాలీచాలని తిండితో, ఇంటిపనులతో. మందులు ఇద్దరికీ ఒకటే. ఏడాదికి ఏమైంది?

కోడలు: ఇంట్లో ఉన్నవాళ్లు కూడా దాదాపు అంతే బాగుపడ్డారు. 1959లో అచ్చయింది. మాకు మొదటి ఏడాదే పాఠం చెప్పారు.

మామ: శానిటోరియంలో ఉన్నవాళ్లు బరువు ఎక్కువ పెరిగారు, చూడటానికి నిగనిగలాడారు. క్షయ తగ్గడంలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఇంట్లోవాళ్లకు అంటుకోవడం కూడా పెరగలేదు. అంతటితో ప్రపంచమంతా శానిటోరియాలకు కాలం చెల్లింది. ‘పడుకుంటే బాగవుతుంది’ అనే నమ్మకం తరాల తరబడి నిలిచి, ఒక్క చీటీ పద్ధతి ముందు నిలవలేకపోయింది. ఆ ఊరి పక్కన పాఠాలు చెప్పినవాణ్ణి నేను. ‘పడుకోకపోతే జబ్బు వస్తుంది’ అనేవాణ్ణి కూడా అదే అడుగుతా. చీటీ వేసి చూశావా?

ఈ వాదం విన్నప్పుడు నేను ఇక చెప్పడానికేమీ లేదనుకున్నాను. ఆమె మాత్రం ఆరోగ్యవరాన్ని ఆయనకు వదిలేయలేదు.

కోడలు: ఆరోగ్యవరం కథలో నువ్వు సగమే చెప్పావు మామా. పెద్దాయన కొడుకు యోహానెస్ ఫ్రిమట్ మోలర్ ఏం చేశాడు? 1950 నుంచి 1955 దాకా మదనపల్లె చుట్టుపక్కల పల్లెల్లో ఇంటింటికీ తిరిగి, మనుషులకు ఎక్సరేలు తీసి, చర్మం మీద పరీక్షలు చేసి, మళ్లీ మళ్లీ వాళ్ల దగ్గరకే పోయి చూశాడు. 1960లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో ఆ వివరాలు వచ్చాయి. పల్లెల్లో క్షయ ఎంత ఉంది, ఎవరికి వస్తుంది, మందు లేకుండా ఎంతమంది ఏమవుతారు, ఇవన్నీ ఊళ్లలో తిరిగి చూస్తేనే తెలిశాయి. చూసి రాసుకునే పని లేకపోతే దేన్ని పరీక్షించాలో కూడా తెలియదు. నీ స్ట్రెప్టోమైసిన్ ట్రయలుకు చీటీలు వేయించింది ఎవరు?

మామ: బ్రాడ్‌ఫర్డ్ హిల్.

కోడలు: ఆయనే రెండేళ్లకు, 1950లో, రిచర్డ్ డాల్‌తో కలిసి సిగరెట్లకూ ఊపిరితిత్తుల కేన్సరుకూ సంబంధం చూపించాడు. చీటీ వేసి సగం మందికి సిగరెట్లు తాగించాడా? లేదే. ఆస్పత్రుల్లో రోగుల్ని అడిగాడు. నువ్వు ఇప్పుడు చెప్పిన మాటలే అప్పుడు సిగరెట్ కంపెనీలు చెప్పాయి. అడిగితే చెప్పిన జవాబులు నమ్మలేం, కారణం వేరే ఉండొచ్చు, ట్రయలు ఏదీ అని. ఎన్నేళ్లు గడిచిపోయాయి ఆ మాటల్లో! నీ అనుమానం నిజాయితీగలది, నాకు తెలుసు. అదే మాటను వాడుకునేవాళ్లు అందరూ నీలాంటివాళ్లు కాదు.

మామ: సిగరెట్టు దగ్గర ముప్పు పదింతలు, ఇరవై ఇంతలు. ఒకటి తాగేవాడికన్నా పది తాగేవాడికి ఎక్కువ, పదికన్నా ముప్పైకి ఎక్కువ, మానేస్తే తగ్గుతా వచ్చింది. నిద్ర దగ్గర పది పదమూడవుతుంది. తక్కువైనా ముప్పే, ఎక్కువైనా ముప్పే. రెంటినీ ఒక గాట కట్టొద్దు. ఇక్కడ చీటీ వేసి చూసే అవకాశం ఉంది కూడా. వేసి చూశారు, మన పక్కనే చెన్నైలో. 2021లో అచ్చయింది. 452 మంది, కంప్యూటర్లో వివరాలు ఎక్కించే పనివాళ్లు. చేతికి యంత్రాలు కట్టారు. రాత్రి ఎనిమిది గంటలు పడకమీద ఉంటారు, నిద్రపోయేది అయిదున్నర గంటలు. కొందరికి సలహాలు, కళ్లకు గంతలు, చెవికి బిళ్లలు ఇచ్చారు, డబ్బు కూడా ఇచ్చి ఎక్కువ పడుకోబెట్టారు. రోజుకు 27 నిమిషాలు నిద్ర పెరిగింది. పనిలో, బుద్ధి చురుకుదనంలో ఏ మార్పూ లేదు. జరగబోయేది ఏమిటో ముందే చెప్పమంటే పండితులు పెద్ద లాభం వస్తుందన్నారు.

కోడలు: అదే స్టడీలో మధ్యాహ్నం అరగంట కునుకు తీయించిన గుంపుకు పని మెరుగైంది, మనసు కుదుటపడింది. అది ఎందుకు వదిలేశావు? నిశ్శబ్దంగా, చల్లగా ఉన్న గదిలో పడుకోబెట్టారు. ఇంట్లో ఏముంది? ఉక్క, దోమలు, హారన్లు. ఎనిమిది గంటలు మంచం మీదుండి అయిదున్నరే నిద్రపోయేవాడికి, తెగి తెగి పట్టే ఆ నిద్రను ఇంకో 27 నిమిషాలు పొడిగిస్తే ఏమొస్తుంది? ఆ స్టడీ నడిచింది కొన్ని వారాలు. గుండెజబ్బుకు పట్టేది ఇరవై ఏళ్లు. నువ్వు కోరే చీటీ ఇరవై ఏళ్లపాటు ఎవరు వేస్తారు?

మామ: గురక జబ్బుకు వేశారు. నిద్రలో ఊపిరి ఆగిపోయేవాళ్లకు మాస్కు యంత్రం పెడితే గుండెపోట్లు తగ్గుతాయన్నారు. 2016లో సేవ్ ట్రయలు. 2,700 మందికి పైగా, మన దేశంలో కూడా చేశారు. తగ్గలేదు.

కోడలు: వాళ్లు ఆ మాస్కును రాత్రికి సగటున మూడు గంటల పైచిలుకే పెట్టుకున్నారు. సగం రాత్రి వేసుకోని మందు పనిచెయ్యలేదనడం ఎట్లా? అయినా వాళ్లకు పగటి మగత తగ్గింది, మనసు బాగుంది. నా దగ్గరకు వచ్చే లారీ డ్రైవరుకు అది చాలదా? స్టీరింగు మీద కళ్లు మూతపడితే ఇరవై ఏళ్ల లెక్క అక్కర్లేదు, మొగిలి ఘాటు దిగేలోగా తేలిపోతుంది.

మామ: అది ఒప్పుకుంటా. నిద్రలేక బండి తిప్పేవాడి ముప్పు మీద నాకెప్పుడూ అనుమానం లేదు.

కోడలు: ఇంకోటి విను. ఎవరూ ఎంచుకోకుండా, ఊరందరికీ ఒకేసారి గంట నిద్ర తగ్గితే? కొన్ని దేశాల్లో వేసవి ముందు గడియారాలు గంట ముందుకు జరుపుతారు. స్వీడన్లో చూశారు, 2008లో అచ్చయింది. ఆ మార్పు తర్వాత మొదటి రోజుల్లో గుండెపోట్లు సుమారు 5 శాతం పెరిగాయి. జబ్బున్నవాడు, లేనివాడు, బీదా గొప్పా, అందరికీ అదే గంట పోయింది. ఇది నీ చీటీ లాంటిదే కదా.

మామ: ఇది మంచి సాక్ష్యం. ఇంతసేపట్లో నువ్వు చెప్పినవాటిలో ఇదే మంచిది. కానీ అమెరికాలో మిషిగన్‌లో చూసి 2014లో అచ్చువేసిన లెక్కలో, ఆ మార్పు తర్వాతి సోమవారం గుండెపోట్లు 24 శాతం పెరిగాయి, వారం మొత్తం కలిపితే మామూలు లెక్కే. అంటే రావలసినవి ఒకటి రెండు రోజులు ముందు వచ్చాయి. నిద్ర తక్కువై కొత్త జబ్బు పుట్టిందని దీనితో చెప్పలేం.

ఇట్లా ఒక్కొక్క స్టడీకి ఒక్కొక్క బదులు చెప్పుకుంటూ పోయుంటే రాత్రయ్యేది. ఆమె ఒక్కసారిగా దారి మార్చింది. నాకు ఈ సంవాదంలో అన్నిటికన్నా ముఖ్యమైన ఘట్టం అదే.

కోడలు: మామా, నీ అనుమానం వల్ల ఎవరికి మేలు జరుగుతుందో చెప్పు. మీ అమ్మావాళ్ల బోరు మోటారు గుర్తుందా? ఉచిత కరెంటు 2004లో వచ్చింది. అయితే వంతులవారీగా. రాత్రి వంతు వచ్చినప్పుడు అర్ధరాత్రి టార్చి పట్టుకుని మా తాత మడి కాడికి పొయ్యేవాడు. కరెంటు ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో అని సగం మెలకువ. పాము కాట్లు, షాకులు. ఇప్పటికీ పట్టుపురుగులు గూడు కట్టేముందు మా కుప్పం, పలమనేరు పల్లెల్లో ఆడవాళ్లు రాత్రిళ్లు లేచి ఆకు వేస్తా ఉన్నారు. 2023లో టమోటా కిలో రెండు వందల దాకా పోయినప్పుడు రైతులు తోటల్లోనే కాపలా పడుకున్నారు. కుప్పంలో చీకటితో లేచి బెంగళూరు రైలెక్కేవాళ్లు, రాత్రి ఇల్లు చేరి మళ్లీ చీకటితో లేస్తారు. ఇన్ని నిద్రలు పోతా ఉంటే, ‘నిద్రకూ జబ్బుకూ సంబంధం రుజువు కాలేదు’ అని నువ్వు అంటే, వాళ్ల నిద్ర తీసుకునేవాళ్లకు అంతకన్నా ఏం కావాలి? రాత్రి షిఫ్టులు కేన్సరుకు కారణం కావొచ్చని అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ 2007లో చెప్పింది, 2019లో మళ్లీ చెప్పింది.

మామ: బ్రిటన్లో లక్షల మంది ఆడవాళ్లను చూసి రొమ్ము కేన్సరుతో సంబంధం లేదని 2016లో ఇంకో స్టడీ చెప్పింది. దాన్ని పక్కనపెడతాం, ఎందుకంటే అందులోవాళ్లు చాలామంది పెద్దవయసువాళ్లు, రాత్రి పని ఎప్పుడో మానేసినవాళ్లు అని నువ్వు అంటావు, అది సబబే. నువ్వు అడిగిన ప్రశ్నకు వస్తా. రైతును అర్ధరాత్రి లేపొద్దనడానికి గుండెపోటు లెక్క ఎందుకు పాపా? వాడికి నిద్ర వస్తా ఉంది. చీకట్లో పాము ఉంది. అది చాలదా? రేపు పెద్ద ట్రయలు జరిగి, రాత్రి మేలుకున్నా గుండెకేమీ కాదని తేలితే, అప్పుడు వాడిని లేపొచ్చా? నువ్వు న్యాయాన్ని తీసుకుపోయి బలహీనమైన లెక్క మీద నిలబెడతా ఉన్నావు. ఆ లెక్క కూలిన రోజు న్యాయం కూడా కూలుతుంది.

కోడలు: అది ఈ వరండాలో కూర్చుని అనుకోవడానికి బాగుంది. నేను మీటింగులకు పోతా ఉంటా. ‘వాళ్లకు కష్టంగా ఉంది’ అంటే కాగితం మీద ఎవరూ రాసుకోరు. ‘బీపీ ఇంతమందికి పెరిగింది, మందుల ఖర్చు ఇంత’ అంటే రాసుకుంటారు. నాకు లెక్క కావాలి.

మామ: కావాలి గనక ఉందనుకోవద్దు. నా మాటంతా అంతే.

ఇక్కడ నేను ఆయన పక్షమే. మనిషికి రాత్రి విశ్రాంతి ఇవ్వాలనడానికి అది లేకపోతే చస్తాడని నిరూపించాల్సిన అవసరం ఉండకూడదు. అయితే ఆమె మాటలోని బాధ్యతను కూడా నేను తీసెయ్యలేను. రోజూ రోగి ఎదుట కూర్చునే మనిషి, ‘ఇంకా తేలలేదు’ అని చెప్పి పంపించలేదు. అదీగాక వాళ్లిద్దరూ గమనించకుండానే ఒక చోట కలిశారు. నిద్రలేమి జబ్బులన్నిటినీ మనిషి అలవాటులోని తప్పుగా చెప్పే వార్తలు ఇద్దరికీ గిట్టవు. బెంగళూరు రైలెక్కేవాడికి ‘ఎనిమిది గంటలు పడుకో’ అని చెప్పడం వాడి చేతిలో లేనిదాన్ని వాడి తప్పుగా లెక్కకట్టడమే.

తల్లి కాఫీ తెచ్చి ఇచ్చి అక్కడే కూర్చుంది. కూతురు ఆమెను పగలు కళ్లు మూతపడతాయా, గురక పెడుతుందని ఎవరన్నా చెప్పారా, మనసు బాగాలేదా, కాళ్లు లాగుతాయా అని అడిగింది. తల్లి అన్నిటికీ లేదనే చెప్పింది. వయసు పెరిగేకొద్దీ రాత్రి నిద్ర కొంత తగ్గడం మామూలేనని, మూడున్నరకు లేచినప్పుడు గడియారం చూడొద్దని, ఫోను పక్కగదిలో పెట్టమని కూతురు చెప్పింది. మామ తన మాటగా ఏమీ కలపలేదు. తర్వాత వాదన మళ్లీ మొదలైంది.

కోడలు: కుప్పం పల్లెల్లో బీపీ, సుగరు సర్వేకు ఫారం తయారు చేస్తా ఉన్నా. నిద్ర గురించి ఒక గడి పెట్టాను.

మామ: ‘రాత్రి ఎన్ని గంటలు పడుకుంటారు?’ అనేనా?

కోడలు: అదే.

మామ: కొట్టెయ్.

కోడలు: కొట్టెయ్యను. మిగతా ప్రపంచంతో పోల్చాలంటే అది ఉండాలి. దాని కింద ఇంకో మూడు కలుపుతా. ఎన్నింటికి పడుకున్నారు, ఎన్నింటికి లేచారు, ఎందుకు లేచారు. మూత్రానికా, ఆయాసానికా, మోటారుకా, పురుగులకా, రైలుకా.

మామ: ‘ఎందుకు’ అన్నది పెడితే నేను వచ్చి కూర్చుంటా లెక్కకు. ఒక షరతు. ఏం కనబడితే నిద్రకూ బీపీకీ సంబంధం లేదని ఒప్పుకుంటావో, ఫారాలు తీసుకుని ఊళ్లోకి పోకముందే రాసి నాకివ్వు. తర్వాత మార్చకూడదు.

కోడలు: ఇస్తా. నువ్వు కూడా రాసివ్వు. ఏం కనబడితే సంబంధం ఉందని ఒప్పుకుంటావు?

ఆయన చాలాసేపు ఆలోచించాడు.

మామ: కరెంటు వంతు. ఏ గ్రూపుకు పగలు, ఏ గ్రూపుకు రాత్రి అన్నది కరెంటోళ్లు నిర్ణయించారు, రైతు ఆరోగ్యం చూసి ఎవరూ నిర్ణయించలేదు. ఒకే నేల, ఒకే పంట, అవే అప్పులు. ఒక ఫీడరు కింద రాత్రి కరెంటుతో ఎక్కువ ఏళ్లు గడిపినవాళ్లు, పక్క ఫీడరు కింద ముందుగా పగటి కరెంటు వచ్చినవాళ్లు, ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూడు. అక్కడ బీపీలో తేడా వస్తే నేను నోరు మూసుకుంటా.

కోడలు: పగటి కరెంటు వచ్చినవాడికి పంట బాగా పండి, డబ్బు వచ్చి, దానివల్ల బీపీ తగ్గుంటే?

మామ: అందుకని ఆ ఇళ్లలో మోటారు కాడికి పోని ఆడవాళ్లను కూడా కొలువు. డబ్బు వల్లయితే వాళ్లకు కూడా తగ్గాలి. నిద్ర వల్లయితే లేచి పోయినవాడికే తగ్గాలి.

కోడలు: మొగుడు లేస్తే పెళ్లాం కూడా లేస్తుంది మామా. తిరిగొచ్చేదాకా కళ్లు మూయదు.

మామ: అయితే అది కూడా అడుగు. ముందు సబ్‌స్టేషన్లో పాత వంతుల పట్టికలు ఉన్నాయేమో కనుక్కో. అవి దొరక్కపోతే మనం అనుకున్నదంతా ఒట్టి మాటే.